ముట్టుకుంటే పలికే బొమ్మలు

చేపల వేట ఆపేసిన రోజుల్లో నాకు మా ఇంట్లోనే కూర్చోడానికి చోటు దొరికేది కాదు. అరుగు మీద కూర్చుంటే, అక్కడ మా అమ్మ ఎండుచేపలు ఆరబోసుకోవాలి. లోపల గదిలో నడుం వాల్చుదామంటే, అచ్యుతాపురం మందుల కంపెనీలో నైట్ డ్యూటీ చేసొచ్చిన నా భార్య శ్రీదేవి అక్కడే నిద్రపోవాలి. ఎప్పుడూ సముద్రం మీదుండే మనిషి లేకుండానే రోజు గడుపుకోవడం ఆ ఇల్లు నేర్చేసుకుంది. ఆ సంగతి నాకే ఆలస్యంగా తెలిసింది.

ఏటా ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఇంజను బోట్లని సముద్రంలోకి పోనివ్వరు. మిగతా సంవత్సరాల్లో ఆ రోజులు నేను విశాఖలో బిల్డింగు పనులకి పోయేవాణ్ని. కిందటేడు మాత్రం మా బోటు యజమాని త్రినాథ్, "బోటు రిపేరు సేయించాల, వలలన్నీ బాగుసేసుకోవాల. నువ్వెక్కడికీ ఎల్లకు బావా" అన్నాడు. అలా పూడిమడకలోనే ఉండిపోయాను.

మా పాపకి అప్పుడు ఆరేళ్లు. బళ్లో పేరు గంగాభవాని. ఇంట్లోనూ వీధిలోనూ బేబి. ఆ పిల్లతో నాకు పెద్ద పరిచయం లేదు. కన్నకూతురితో పరిచయమేమిటని నవ్వుతారేమో గాని, నిజం. నేను బోటు దిగి వచ్చేసరికి అది నిద్రపోతుండేది. అది లేచేసరికి నేను ఒడ్డున ఉండేవాణ్ని. దానికి మాటలు తక్కువ. ఉన్న నాలుగు మాటలూ సగం నోట్లోనే ఉండిపోయినట్టు ముద్దగా వచ్చేవి. నేనూ తక్కువగా మాట్లాడేవాణ్నే కాబట్టి, నా పోలికే వచ్చిందనుకున్నాను.

మా అమ్మ రామాయమ్మకి మాత్రం మనవరాలి మీద రోజూ ఒకటే ఫిర్యాదు.

"ఒట్టి పెంకిదిరా ఇది. పిలిత్తే పలకదు. దగ్గిరికెల్లి జబ్బట్టుకు లాగితే గాని సూడదు. ఏటీ పొగరు?"

అమ్మ గొంతు పెద్దది. అనకాపల్లి చేపల బజారులో పదిమంది అరుపుల మీదుగా వినపడాల్సిన గొంతు. ఆ గొంతుతో ఎదురుగా నిలబడి అరిస్తే బేబి తలెత్తి చూసేది. చూసి, నవ్వేది. ఆ నవ్వుకి అమ్మకి ఇంకా ఒళ్లు మండేది.

మే నెల మొదట్లో మా ఊరి బళ్లో పిల్లలకి సెలవుల క్లాసులు పెట్టారు. అనకాపల్లి నుంచి దివ్య అనే అమ్మాయి వచ్చేది. డిగ్రీ అయ్యింది, ఏదో సంస్థ తరఫున పనిచేస్తోంది. భుజానికి పెద్ద సంచీ, అందులో ట్యాబులు. ఒక్కో పిల్లకి ఒక్కో ట్యాబు ఇచ్చి చాప మీద కూర్చోబెట్టేది. బొమ్మని వేలితో ముట్టుకుంటే అది కదిలేది, పలికేది. ఆవుని ముట్టుకుంటే "అంబా" అనేది. ట్యాబులోంచి ఒక ఆడగొంతు, "కాకి ఏది? ముట్టుకో" అని అడిగేది. సరైన బొమ్మ మీద వేలు పెడితే తెర మీద నక్షత్రాలు రాలేవి. పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

బేబిని బడికి దింపే పని నాకు పడింది. ఇంటికెళ్లి చేసేదేమీ లేదు. బడి వరండాలోనే వల పరుచుకుని చిరుగులు కుట్టుకుంటూ కూర్చునేవాణ్ని. కిటికీలోంచి చాప, పిల్లల తలలు కనబడేవి.

"మీ బేబి నాకు అర్థం కావట్లేదన్నయ్యా," అంది దివ్య ఒక రోజు వరండాలోకి వచ్చి. "బొమ్మకి అక్షరం కలిపే ఆటలో అందరికంటే ముందుంటుంది. పక్కవాళ్లు 'అ' దగ్గర ఉండగానే అది అయిపోజేస్తుంది. విని ముట్టుకునే ఆట పెడితే మాత్రం ఏదో ఒకటి నొక్కేస్తుంది. లేకపోతే పక్క పిల్ల ట్యాబులోకి తొంగి చూస్తుంది."

"ఆల్ల నాయనమ్మ పెంకిదంటాదమ్మా," అన్నాను.

"పెంకితనం అనుకోను. నేర్చుకోవాలని దానికి చాలా ఉంది." ఇంకేదో అనబోయి, లోపల ఎవరో ఏడుస్తుంటే వెళ్లిపోయింది.

ఆ తరవాత రెండు మూడు రోజులకనుకుంటాను, మధ్యాహ్నం పిల్లల గోల మరీ ఎక్కువైంది. ఒక ట్యాబులో కోడి, ఒకదాంట్లో రైలు, ఒకదాంట్లో పాట. దివ్యకి తలనొప్పి వచ్చినట్టుంది. చాప చుట్టూ తిరిగి ఒక్కో ట్యాబుకి సౌండు ఆపేసింది.

"మేడమ్, మాటలు రాట్లేదు!" అన్నాడొకడు. "మేడమ్, నాది పాడైపోయింది!" అంది ఇంకో పిల్ల. ఒక్కొక్కరే ట్యాబుని ఊపారు, చెవి దగ్గర పెట్టుకున్నారు, లేచి దివ్య చుట్టూ మూగారు.

చాప మీద బేబి ఒక్కతే మిగిలింది. తెర మీది అక్షరానికి ఏనుగుని కలిపింది. నక్షత్రాలు రాలాయి. తనలో తనే నవ్వుకుంది. పేజీ తిప్పి గుర్రాన్ని ముట్టుకుంది. చుట్టూ పిల్లలు లేరని కూడా తల తిప్పలేదు. కొంతసేపటికి దివ్య అందరి ట్యాబులకీ సౌండు పెట్టి ఇచ్చింది. బేబి అప్పుడూ తల తిప్పలేదు.

నా చేతిలో సూది ఆగిపోయింది. దివ్య కిటికీ వైపు చూసింది.

ఆ సాయంత్రం బడి నుంచి ఒడ్డు వెంటే ఇంటికి నడిచాం. బేబి ముందు, నేను వెనకాల. నేను కావాలనే వెనకబడ్డాను.

"బేబీ," అన్నాను మామూలుగా.

అది గవ్వ ఏరుకుంది.

"బేబీ!" అన్నాను ఇంకాస్త గట్టిగా. దూరంగా నెత్తళ్ల చేపలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్లలో ఒకామె ఇటు చూసింది.

మూడోసారి, ఒక బోటు మీంచి ఇంకో బోటు వాణ్ని పిలిచినట్టు పిలిచాను. ఇసకలో పడుకున్న కుక్క లేచి నిలబడింది. ఆడవాళ్లందరూ చేతిలో పని ఆపి నన్ను చూశారు. బేబి నడుస్తూనే ఉంది. నేను పెద్ద అంగలు వేసి దగ్గరికొచ్చాక నా నీడ దాని పాదాల ముందు పడింది. అప్పుడు వెనక్కి తిరిగింది. నన్ను చూసి నవ్వి, గుప్పిట విప్పి గవ్వలు చూపించింది.

బాగున్నాయని తలూపాను.

శ్రీదేవికి ఆ వారం పగటి డ్యూటీ. పొద్దుగూకే వేళకి కంపెనీ బస్సు ఊరి మొదట్లో ఆగుతుంది. ఎప్పుడూ వెళ్లనివాణ్ని ఆ రోజు బస్సు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. దిగి నన్ను చూడగానే శ్రీదేవి మొహం మారిపోయింది.

"ఏటయ్యింది మావా? అత్తకేటయినా అయ్యిందా?"

"అమ్మ బాగుంది. బేబి గురించి." ఎలా చెప్పాలో తెలీక నడుస్తూ చెప్పాను. "దానికి... ఇనబడదేమో శ్రీదేవీ."

శ్రీదేవి ఆగలేదు. నాలుగడుగులు అలాగే నడిచింది. తరవాత చెరుకు తోట గట్టు మీద సంచీ పెట్టి కూర్చుంది.

"నాకు తెలుసు మావా," అంది.

ఏం వింటున్నానో నాకు ఒక పట్టాన ఎక్కలేదు.

"ఎప్పుడు తెలుసు?"

"నడక నేర్సినప్పటి నుంచీ అనుమానమే. ఎనకాల గిన్నె పడేసి సూసేదాన్ని. కొన్నిసార్లు ఉలిక్కిపడేది, కొన్నిసార్లు లేదు. ఉలిక్కిపడ్డ రోజు నాకు పండగ." కొంగుతో మొహం తుడుచుకుంది. "మా కంపినీలో ఒకావిడ అంది, కొంతమందికి మాటలు ఆలీసం అవుతాయి, పెద్దయితే సరిపోద్ది అని. అదట్టుకు ఏలాడేను."

"నాకొక్క మాట సెప్పలేపోయేవా?"

"ఎప్పుడు సెప్పేది? నువ్వు దిగేసరికి ఒళ్లంతా ఉప్పు, కళ్లు మూతలు పడిపోతా ఉండేవి. నాలుగు మెతుకులు తిని పడిపోయేవోడివి. నిద్దట్లో ఉన్నోడికి సెప్పేనా?" గట్టు మీది గడ్డి పీకుతూ అంది. "అత్తకి సెప్తే ఊరంతా ఇంటాది. సెవిటిదాన్ని కన్నాదంటారు. సెప్పీసేక మళ్లీ ఎనక్కి తీసుకోలేం గదా మావా."

అప్పుడు గుర్తొచ్చింది. బేబితో మాట్లాడే ముందు శ్రీదేవి ఎప్పుడూ దాని చెంపల మీద చేతులు వేసి, మొహం తనవైపు తిప్పుకునేది. నేనది ముద్దు చెయ్యడం అనుకునేవాణ్ని. ఇన్నేళ్లూ ఒక్కతే అలా తిప్పుకుంటూ వచ్చింది.

చీకటి పడేదాకా ఆ గట్టు మీదే కూర్చున్నాం. పక్కపక్కనే కూర్చున్నా, ఎవరి బాధ వాళ్లదే అన్నట్టుగా ఉంది నాకు.

తరవాతి వారం శ్రీదేవి సెలవు పెట్టింది. బేబిని తీసుకుని అనకాపల్లిలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఒకసారి చూసి, పక్కనున్న చిన్న గదిలోకి పంపాడు. శబ్దం లోపలికి రాని గది. ఒక అద్దం. అద్దానికి ఇవతల మిషన్ ముందు ఒక అమ్మాయి కూర్చుంది. బేబి చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి ఇచ్చారు. ఒక కడ్డీ, దానికి తొడిగే ఎర్రవీ పసుపువీ ఆకుపచ్చవీ చక్రాలు. చెవిలో శబ్దం వినపడినప్పుడల్లా ఒక చక్రం కడ్డీకి తొడగాలి. అది ఆట. ఆ అమ్మాయి సైగ చేసి చూపిస్తే బేబి వెంటనే పట్టేసింది.

మిషన్ మీద చిన్న దీపం వెలిగినప్పుడల్లా లోపలికి శబ్దం వెళుతుందట. దీపం వెలిగింది. బేబి ఎర్ర చక్రాన్ని చెంప దగ్గర పెట్టుకుని, ఊపిరి కూడా బిగబట్టి, వింటూ కూర్చుంది. మళ్లీ వెలిగింది. మళ్లీ. చక్రం చెంప దగ్గరే ఉంది. ఆ అమ్మాయి మిషన్ మీద ఏదో తిప్పుతూనే ఉంది. శ్రీదేవి నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. బేబి కళ్లార్పడం లేదు. తనకి చెప్పిన పని అంత శ్రద్ధగా చేస్తున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.

చాలాసేపటికి దాని మొహం విప్పారింది. చక్రం కడ్డీకి తొడిగి, అద్దంలోంచి మా వైపు చూసింది, సరిగ్గా చేశానా అన్నట్టు.

శ్రీదేవి నవ్వుతూ తలూపింది. ఊపుతూనే గోడవైపు తిరిగిపోయింది.

"పూర్తిగా పోలేదు," అన్నాడు డాక్టరు. "పెద్ద శబ్దాలు తెలుస్తాయి. మాటలు ముక్కలు ముక్కలుగా అందుతాయి, మిగతాది మొహాలు చూసి పోల్చుకుంటోంది. చెవికి మిషన్ పెడదాం. కానీ మిషన్ పెట్టగానే మాటలు రావు. ఇప్పటికే ఆలస్యమైంది. రోజూ నేర్పించాలి, దగ్గరుండి."

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ చేటలోని చేపలు అలాగే వదిలేసి గోడకి ఆనుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఊరంతా ఇనేటట్టు తిట్టీసేన్రా దాన్ని," అంది మెల్లగా. అంత మెల్లగా మాట్లాడగలదని నాకు తెలీదు. మర్నాటి నుంచి బేబిని కేకెయ్యడం మానేసింది. మోకాళ్ల నొప్పులతోనే లేచి, చుట్టూ తిరిగి, దాని ఎదుటికి వచ్చి నిలబడేది.

మిషన్ రావడానికి టైము పడుతుందన్నారు. అప్పటిదాకా ఏం చెయ్యాలని దివ్యని అడిగాను.

"ఈ ట్యాబులో మన సొంత పాఠాలు చేసుకోవచ్చన్నయ్యా," అంది. "యాపిల్, జిరాఫీ అంటే బేబి ఎక్కడ చూసింది? వల పెడదాం, బోటు పెడదాం, పీత పెడదాం. ఫొటో ముట్టుకుంటే మీ వీడియో వచ్చేలా చేస్తాను. మీరు నోరు బాగా తెరిచి ఆ మాట చెప్పండి. పెదాలు చూసి నేర్చుకుంటుంది."

"నేనా? శ్రీదేవైతే బాగుంటాది గదమ్మా."

"అక్కయ్య డ్యూటీలో ఉంటారు. మీరు ఖాళీయే కదా."

ఖాళీయే. కాదనడానికి లేదు.

ఒడ్డున బోటు నీడలో నిలబడి, దివ్య ఫోన్ ముందు "వల" అన్నాను. "బోటు" అన్నాను. "వంజరం" అన్నాను. వచ్చేపోయేవాళ్లు ఆగి చూసి నవ్వుకున్నారు. ఎదురుగా మనిషి లేకుండా మాట్లాడడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక్కో మాటా నోట్లోంచి రాయిలా బయట పడేది. నేను పుట్టాక అన్ని మాటలు ఒక్క పూటలో మాట్లాడింది లేదు.

పాఠం తయారయ్యాక బేబికి చూపించాం. పీతని ముట్టుకుంది. తెర మీద నా మొహం వచ్చి "పీత" అంది. బేబి దగ్గరగా వంగి చూసింది. మళ్లీ ముట్టుకుంది. తరవాత చూపుడువేలు తెర మీద పెట్టి, నా ముక్కు కింద, అటూ ఇటూ రుద్దడం మొదలెట్టింది. మరక తుడుస్తున్నట్టు.

"ఏం చేస్తోంది?" అంది దివ్య.

నాకు అర్థమైంది. నాకు దట్టమైన మీసం. పైపెదవిని పూర్తిగా కప్పేసే మీసం. పిల్ల దాన్ని చెరపాలని చూస్తోంది.

మర్నాడు పొద్దున్నే మీసం తీయించేశాను. మంగలి కత్తి పట్టుకుని, "ఎవరు పోయేరు బావా?" అనడిగాడు. ఎవరూ పోలేదంటే నమ్మలేదు. నన్ను చూసి అమ్మ శాపనార్థాలు పెట్టింది. "మీ అయ్య పోయిన్నాడు తీసేవు. మళ్లీ ఇప్పుడెవులి కోసంరా?" అంది. త్రినాథ్ బోటుకి రంగు వేస్తూ నన్ను చూసి, నవ్వాపుకోలేక బ్రష్షు కింద పడేశాడు. "ఏటి బావా, నాటకంలో ఏషం కట్టేవా?" ఎందుకు తీయించానో చెప్పాను. బ్రష్షు తీసుకుని మళ్లీ రంగు వెయ్యడం మొదలెట్టాడు. ఆ తరవాత ఒడ్డున ఎవరూ ఆ మాటెత్తలేదు. అతనే ఏదో చెప్పి ఉంటాడు.

బేబి మాత్రం నన్ను చూసి ముందు వాళ్ల నాయనమ్మ వెనక దాక్కుంది. సాయంత్రానికి దగ్గరికొచ్చి, నా పైపెదవి మీద వేలు పెట్టి చూసింది.

అన్ని మాటలూ మళ్లీ మొదటినుంచి చెప్పాను. సంస్థవాళ్ల అనుమతి తీసుకుని దివ్య ఒక ట్యాబు మా ఇంట్లోనే ఉంచింది. బేబి దాన్ని ఒళ్లో పెట్టుకుని అరుగు చివర కూర్చునేది. ముట్టుకునేది, చూసేది, నా పెదాల్లా తన పెదాలు కదిపేది. "పీ" అని, తరవాత గాలి వదిలేది. మళ్లీ ముట్టుకునేది. దాని పక్కనే నేను కూర్చుని ఉండేవాణ్ని. "పీత" అని నేనే చెప్తానని, శ్రీదేవి చేసినట్టు దాని మొహం నావైపు తిప్పుకోబోయేవాణ్ని. ఒకటి రెండుసార్లు చూసి, మర్యాదకి నవ్వి, మళ్లీ ట్యాబువైపు తిరిగేది. అందులోని నాన్న ఎన్నిసార్లు అడిగినా విసుక్కోడు. ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా చెప్తాడు. అలిసిపోయి నిద్రపోడు. అతనితో పోటీ పడడం నావల్ల కాలేదు.

"కుళ్లుకుంటన్నావా?" అంది శ్రీదేవి నవ్వుతూ.

"నన్ను సూసి నేనేటి కుళ్లుకుంటాను," అన్నాను.

జూన్ మొదటి వారంలో చెవి మిషన్లు వచ్చాయి. ఆ రోజుని మేం పండగలా అనుకున్నాం గాని, పిల్లకది పండగ కాలేదు. కంచం కింద పడితే చెవులు మూసుకుని ఏడ్చింది. కోడి కూస్తే నా కాళ్లు చుట్టేసుకుంది. పెట్టిన మిషన్ పెట్టినట్టే తీసేసి, ఎవరికీ కనబడకుండా బియ్యం డబ్బాలో దాచింది. దివ్య ఓపిగ్గా చెప్పింది. "రోజూ కాసేపు, ట్యాబు ఆడుకునేటప్పుడు మాత్రమే పెట్టండి. అలవాటవుతుంది." అలాగే చేశాం. మిషన్ పెట్టుకుని పీతని ముట్టుకున్న రోజున బేబి ఆగిపోయింది. మళ్లీ ముట్టుకుంది. ఇంతకాలం పెదాలు మాత్రమే కదిపిన ఆ నాన్నకి గొంతు వచ్చింది. తెర వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది. ఆ తరవాత మిషన్ బియ్యం డబ్బాలోకి పోలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం శ్రీదేవి బస్సు దిగి వస్తూ చెప్పింది. అనకాపల్లి బడిలో ఇలాంటి పిల్లలకి నేర్పడానికి ట్రైనింగయిన టీచరు ఉందట. మాటలు నేర్పే క్లాసు కూడా రోజూ అక్కడే పెడతారట. రోజూ ఇక్కడి నుంచి తీసుకెళ్లి తీసుకురావడం కుదరదు. కంపెనీ బస్సు అనకాపల్లికీ వస్తుంది. అమ్మకి చేపల బజారు అక్కడే.

"గవరపాలెంలో ఒక గది సూసేను. మేం అక్కడుంటాం మావా," అంది.

మనం అనలేదు. మేం అంది. తప్పేమీ లేదు. సముద్రాన్ని అనకాపల్లి తీసుకుపోలేం. నేనొక్కణ్నే కదా ఇక్కడుండాల్సింది.

"మంచిదే. ఎప్పుడు?" అన్నాను.

వేట మొదలవడానికి రెండ్రోజుల ముందు సామాన్లు ఆటోలో వేసుకుని వెళ్లాం. మేడ మీద గది. కిటికీ తీస్తే ఎదురుగా ఇంకో ఇంటి గోడ. గ్యాసు పొయ్యి బిగించాను, మేకులు కొట్టాను, నీళ్లు పట్టి పెట్టాను. కింద సందులో ఏదో బండి వాడు అరుస్తూ పోయాడు, ఎక్కడో రైలు కూత పెట్టింది. బేబి ప్రతి శబ్దానికీ నా మొహం చూసి, ఏమిటన్నట్టు చెయ్యి తిప్పింది. "రైలు," అన్నాను. "బండి," అన్నాను. "కుక్కరు," అన్నాను. ఆ ఒక్క మధ్యాహ్నం అది ట్యాబుని ముట్టుకోలేదు. నన్నే అడిగింది.

తరవాత చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. శ్రీదేవి టీ ఇచ్చింది. తాగి లేచాను.

"రెండ్రోజులుండి ఎల్లొచ్చు గదరా," అంది అమ్మ.

"బోటు దింపాల. గంగమ్మకి పూజ సెయ్యాల. త్రినాథ్ ఒక్కడే ఉన్నాడు."

మెట్ల దాకా బేబి వచ్చింది. టాటా చెప్పింది. నేను కింది మెట్టు దిగేసరికి లోపల కుక్కరు కూసింది. అది చూడ్డానికి పరుగెత్తింది.

వేట మొదలైంది. చేపలు బాగానే పడ్డాయి. ఒడ్డుకొచ్చాక అందరూ ఇళ్లకి పోయేవారు. నేను వలల దగ్గర ఏదో పని కల్పించుకుని ఉండిపోయేవాణ్ని. వండుకోవడం వచ్చు గాని, ఒక్కడికి ఎంత బియ్యం పొయ్యాలో ఎప్పుడూ తేలేది కాదు. సాయంత్రం శ్రీదేవి ఫోన్ చేసేది. బేబి ఇవాళ "అమ్మ" స్పష్టంగా అంది, బేబి ఇవాళ పక్కింటి పిల్లతో కొట్లాడింది. నేను ఊ కొట్టేవాణ్ని. ఫోన్ బేబికిస్తే ఊపిరి చప్పుడు మాత్రం వినిపించేది. వీడియోలో మాట్లాడదామంటే మా ఇంట్లో సిగ్నలు నిలబడేది కాదు.

జూన్ ఆఖర్లో దివ్య ఫోన్ చేసింది.

"బేబికి ఇప్పుడు చప్పుళ్ల పాఠం చేస్తున్నానన్నయ్యా. చప్పుడు వినిపిస్తుంది, అది దేనిదో బొమ్మ ముట్టుకుని చెప్పాలి. బస్సు, వాన, కుక్కరు అయ్యాయి. మీరు సముద్రం చప్పుడు రికార్డు చేసి పంపండి. నెట్‌లో దొరుకుతుంది గాని, మీరు పంపిందైతే బాగుంటుంది."

ఒడ్డున రికార్డు చేద్దామంటే మనుషుల మాటలు, పిల్లల అరుపులు. మర్నాడు బోటు మీద త్రినాథ్‌కి చెప్పాను. ఏమంటాడోనని బిడియపడుతూనే చెప్పాను. ఒడ్డు కనబడనంత దూరం వెళ్లాక అతను ఇంజను ఆపేశాడు.

"ఎవులూ నోరెత్తకండి. బేబి పాఠానికి," అన్నాడు మిగతావాళ్లతో.

ఒకడు బీడీ ముట్టించబోయి అగ్గిపుల్ల గియ్యకుండా ఆగాడు. ఇంకొకడు తాడు లాగుతున్న చేతులు అలాగే ఉంచేశాడు. నేను బోటు అంచు మీంచి వంగి, ఫోన్‌ని నీళ్ల దగ్గరగా పట్టుకున్నాను. నీళ్లు బోటు పక్కకి తగిలి వెనక్కి పోతున్నాయి. మళ్లీ వస్తున్నాయి. అన్నేళ్లు దాని మీదే బతికి, నేనూ ఎన్నడూ వినలేదు ఆ చప్పుడు అలాగ. ఎంతసేపు పట్టుకున్నానో తెలీదు. చెయ్యి లాగేస్తున్నా తియ్యబుద్ధి కాలేదు.

"సాలా బావా?" అన్నాడు త్రినాథ్ చివరికి, గుసగుసగా.

రెండ్రోజుల తరవాత శ్రీదేవి ఫోన్ చేసింది. గొంతులో నవ్వుంది.

"నీ సముద్రం వచ్చింది మావా. బాగా ఇనబడతంది. కానీ ఇది తప్పు సేత్తంది."

"ఏటి సేత్తంది?"

"బొమ్మల్లో సముద్రం ఉంది, వాన ఉంది, బస్సు ఉంది, నీ ఫొటో కూడా ఉంది. సముద్రం సప్పుడు రాగానే నీ ఫొటో ముట్టుకుంటంది. ట్యాబు తప్పంటే మళ్లీ నీ ఫొటోనే ముట్టుకుంటంది. పొద్దున్నించీ అదే. నీ ఫొటో మీద ఏలు తియ్యట్లేదు."

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"దివ్యతో సెప్పి పాఠం మార్పించీమంటావా?"

పొయ్యి మీద అన్నం పొంగుతోంది. లేచి మూత తీశాను. వచ్చి మళ్లీ ఫోన్ తీసుకున్నాను.

"వద్దు," అన్నాను. "అది సముద్రమని సెప్పు. పాఠం తప్పు నేర్సుకోకూడదు గదా."

"సర్లే. సెప్తాను."

మర్నాడు సాయంత్రం బోటు దిగి, ఇంటికొచ్చి, చేతులు కడుక్కుంటుంటే మళ్లీ ఫోన్ మోగింది.

"నేర్సీసుకుంది మావా," అంది శ్రీదేవి. "ఇప్పుడు సప్పుడు రాగానే ఎంటనే సముద్రాన్నే ముట్టుకుంటంది. ఒక్కసారి కూడా తప్పట్లేదు."

"మంచిదే," అన్నాను.